గోడ తాగిన వాన

మా మగ్గం తూర్పు గోడ కిటికీ కింద ఉంటుంది. గుంట మగ్గం చూడనివాళ్లకు ముందుగా ఒక మాట చెప్పాలి. నేలలో మోకాళ్లు దాటే లోతున గుంట తవ్వుతారు. నేసే మనిషి దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి, అడుగున కట్టిన పలకలు తొక్కుతూ నేస్తాడు. మా గుంటకు మూడు పక్కలా ఉత్త మట్టి. తూర్పు పక్క మాత్రం ఇంటి గోడ పునాది రాళ్లే. వెలుతురు బాగా పడుతుందని మా వాళ్ల పెద్దలెవరో గుంటను అంత దగ్గరగా జరిపి తవ్వించారట. రాళ్లంటే సిమెంటుతో కట్టినవి కావు. రాయికీ రాయికీ మధ్య బురదమట్టి పెట్టి కట్టిన పాతకాలం గోడ.

ఆ మగ్గం మీద ఇప్పుడు నా కొడుకు వీరభద్ర నేస్తాడు. కోడలు నూలుకు రంగులు వేస్తుంది. వాళ్ల కూతురు ప్రణీత కడపలో చదువు ముగించుకుని వచ్చి, ఆ చీరలను ఫోనులో చూపించి అమ్ముతోంది. వాళ్ల నాయన నేస్తుంటే వెనక నిలబడి ఫోను పట్టుకుంటుంది. పక్కన కండెలకు నూలు చుట్టుకునే నన్నూ వదలదు. నా మొహం ఎందుకే అని అడిగాను ఒకసారి.

"నీ మొహాన్నే ఎక్కువ మంది చూస్తాండారు అవ్వా. నాయన చీరను గాదు" అంది.

వీరభద్ర విన్నాడు. "అయితే ఆయమ్మనే నేయమను" అని, నిలువు పోగుల మధ్య అడ్డపోగు లాక్కుపోయే నాడెను ఇంకాస్త గట్టిగా విసిరాడు.

ఒంటిమిట్ట రాములవారి దర్శనానికి పోయేవాళ్లు కొందరు మా ఊళ్లో ఆగి, మగ్గం చూపిస్తారా అని అడుగుతారు. గది ఇరుకు. ఇద్దరు లోపలికొస్తే మిగిలినవాళ్లు గడప అవతల నిలబడి మెడలు సాచాలి. అందుకని ప్రణీతకు ఒక ఆలోచన పుట్టింది. తూర్పు గోడకు ఆనించి, కిటికీ కింద, చెక్కలతో ఒక అరుగు కట్టిద్దామని. వచ్చినవాళ్లు దానిమీద చల్లగా కూర్చుంటారు, కిటికీలోంచి నేత చూస్తారు. దాన్ని డెక్కు అంటారంట.

"అరుగు అనే మాటకు ఏమొచ్చింది?" అన్నాడు వీరభద్ర.

"అరుగంటే రాయి నాయనా. ఇది చెక్క. కింద డొల్లగా ఉంటాది, గాలాడతాది. వాన పడినా పలకల సందుల్లోంచి నీళ్లు కిందికి పోతాయి."

"ఆ గోడ జోలికి పోగాకండని మీ తాత చెప్పి పోయినాడు."

"ఎందుకు చెప్పినాడో అవ్వను అడుగుదాం పా."

ఇద్దరూ వచ్చి నా ముందు కూర్చున్నారు. అడిగితే చెప్పడానికి నాకేం బాధ? అడగకపోయినా చెప్పేదాన్నే.

నా మొగుడి పేరు సోమన్న. నాది డోన్ పక్కన పల్లె, రైలు కూతలు వింటూ పెరిగినదాన్ని. పెళ్లై ఇక్కడికి వచ్చిన కొత్తలో మా అత్తకు ఒకటే కోరిక, తూర్పు వైపు నీడగా పంచ ఉండాలని. అక్కడ కూర్చుని కండెలు చుట్టుకుంటూ వీధిలో పోయేవాళ్లందరినీ పలకరించాలని. సోమన్న తల్లి మాట తీసేసే మనిషి కాదు. గోడకు వరుసగా బొక్కలు కొట్టి, వాటిలోకి దూలాల మొనలు దూర్చి, అవతలి కొసలు గుంజల మీద ఆనించి, పైన కొయ్యలు పరిచి మట్టి కప్పాడు. పంచ ఎంత ముద్దుగా కుదిరిందంటే, వీధిలో ఆడవాళ్లు పనులు చేసుకోవడానికి మా ఇంటికే వచ్చేవాళ్లు. చేట తెచ్చుకునేది ఒకామె, చిక్కుపడిన నూలు తెచ్చుకునేది ఒకామె. నేను కొత్తకోడలిని కాబట్టి అందరికీ మంచినీళ్లు నా వంతు.

మీకు ఇంకొకటి తెలియాలి. మా సీమలో ఎండగాలికి నూలు ఎండిపోయి ఊరికే తెగుతుంది. నాడె విసరడం, పోగు తెగడం, వంగి ముడేయడం, మళ్లీ విసరడం. పూటంతా ముడులతోనే సరిపోతుంది. అందుకని సాయంత్రంపూట గుంటలో కడవెడు నీళ్లు చిలకరిస్తాం. అడుగు నుంచి చల్లదనం లేస్తుంది, పోగు మెత్తబడి మాట వింటుంది. మా దేశంలో తడి అంటే అంత అపురూపం.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. పంచ వేసిన తర్వాత గుంటలో నీళ్లు చిలకరించే పనే లేకపోయింది. పోగు తెగడం మానేసింది. సోమన్న పొద్దున కూర్చుంటే అన్నానికి పిలిచేదాకా లేచేవాడు కాదు. మా అత్త వీధంతా చెప్పుకుంది, "నా కోడలు కాలు పెట్టింది, పోగు తెగడం మానుకున్నాది" అని. నేను నీళ్ల బిందె చంకన పెట్టుకుని పోతుంటే నలుగురూ చూసేవాళ్లు. నేనూ తల కొంచెం ఎత్తుకునే నడిచాను, అబద్ధమెందుకు.

ఒక మధ్యాహ్నం సోమన్న మజ్జిగ తాగుదామని లేచి వంటింట్లోకి వచ్చాడు. చెంబు ఆయన చేతికిచ్చాను. తూర్పు గది వైపు పెద్ద బరువు దించినట్టు చప్పుడైంది. పోయి చూస్తే గోడ లేదు. పడింది అనడం కంటే కూర్చుంది అనాలి. ఉన్నచోటనే కుప్పగా కూర్చుంది. దాని కింద మగ్గం, మగ్గం మీద సగం నేసిన చీర, అందరూ మెచ్చిన పంచ, అన్నీ ఒకటే మట్టి. దూలాలు దూర్చిన బొక్కల్లోంచి వాననీళ్లు గోడ కడుపులోకి దిగాయి. రాళ్ల మధ్య మట్టి ఎన్నాళ్లుగానో నానుతూ ఉంది. మేమేమో గుంట చల్లగా ఉందని సంబరపడ్డాం.

మగ్గం లేని నేతగాడికి ఊళ్లో ఏం పని? నన్ను తీసుకుని మా పుట్టింటికి వచ్చాడు. డోన్ స్టేషనులో మూటలు మోశాడు. ఆయన చేతులు ఎట్లాంటివనుకున్నారు? పట్టుపోగు మీద పెట్టినా అలికిడి అయ్యేది కాదు. ఆ చేతులతో గోనెసంచులు లాగాడు. తర్వాత ఊరికి తిరిగొచ్చి, అవే రాళ్లతో, అదే బురదమట్టితో గోడ మళ్లీ లేపి, కొత్త మగ్గం మీద కూర్చుంటే అరచేతుల గరుకుకు నూలు తగులుకునేది. పోగు పట్టుకుంటే చెయ్యి వదిలేది కాదు. నేను ప్రతి సాయంత్రం ఆముదం వెచ్చచేసి ఆయన అరచేతులకు రుద్దేదాన్ని. "చేతులకేనా, తలక్కూడానా" అని అడిగేవాడు నవ్వుతూ. తలక్కూడా రుద్దేదాన్ని. ఆ చేతులు మెత్తబడేదాకా చీర మీద నూగు లేస్తూనే ఉండింది.

అప్పటినుంచి ఆ తూర్పు గోడకు మేకు కొట్టనివ్వలేదు. మా ఇంట్లో క్యాలెండరు పడమటి గోడకే.

నేను చెప్పిందంతా ప్రణీత గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. ఆ తర్వాత తనకు తోచింది చెప్పింది. ఆ పంచకు మట్టి కప్పు, దీనికి కప్పే లేదు. ఆ దూలాలు గోడ లోపలికి దూరాయి, ఇవి గోడకు ఆనుకుని ఉంటాయి అంతే. మాట న్యాయంగానే ఉందనిపించింది. ఇంకో మనిషిని కూడా తెచ్చింది. వెల్డింగు షాపు ఈరేష్. గోడను అరచేత్తో తట్టి చూశాడు.

"ఇనుప బద్ద ఒకటి గోడకు బోల్టులతో బిగిస్తా అవ్వా. దాని మీద పలకలు ఆనతాయి. బద్దకూ గోడకూ నడమ సిమెంటు పూస్తా. చీమ గూడ దూరదు."

"చీమ సంగతి సరే, నీళ్ల సంగతి చెప్పప్పా" అన్నాను.

"చీమ దూరని సందులో నీళ్లెట్ల దూరతాయి?"

నాకూ ఆ మాట నచ్చింది. ఇనుము, సిమెంటు, కాలం మారింది కదా అనుకున్నాను. అరుగు తయారైంది. మొదట కూర్చున్నదాన్ని నేనే. ఎదురింటి రెజీనా వాకిలి చిమ్ముతూ చూసింది.

"ఏం సుంకమ్మక్కా, విమానం ఎక్కినట్ల కూచున్యావే."

"రా మే, నీకూ చోటుండాది" అన్నాను. వచ్చింది. చీపురు చేత్తోనే వచ్చి పొద్దుగూకేదాకా కూర్చుంది. మా అత్త ఉంటే ఎంత సంతోషపడేదో.

దసరా దాటాక వానలు మొదలయ్యాయి. మొదటి వానకు ప్రణీత గొడుగు పట్టుకుని పోయి చూసి వచ్చింది. నీళ్లు పలకల సందుల్లోంచి కిందికి కారిపోతున్నాయి. ఒక్క చుక్క నిలబడలేదు. "చూసినావా అవ్వా" అంది. చూశాను. మరో రెండు వానలు అట్లాగే గడిచాయి. ప్రొద్దుటూరు నుంచి బడి టీచరమ్మలు ఒక బస్సెడు మంది ఒంటిమిట్టకు పోతూ వచ్చే ఆదివారం మన ఇంట్లో ఆగుతారని, నేత చూస్తారని ప్రణీత ఒకరోజు చెప్పింది. పిల్ల కాళ్లు నేల మీద లేవు. ఇంత మంది ఒకేసారి రావడం అదే మొదలు. కిటికీ ఊచలకు రంగు వేసింది, వాళ్ల నాయనకు కొత్త చొక్కా తీసింది.

వానలు తెరిపిచ్చి మళ్లీ ఎండగాలి కొట్టింది. పెదవులు పగిలే గాలి. నేను కండె చుడుతుంటే రాట్నం మీదే నా పోగు రెండుసార్లు తెగింది. లోపల మగ్గం మాత్రం ఆగకుండా ఆడుతోంది.

"ఈ పడుగు బంగారం మా" అన్నాడు వీరభద్ర. "పొద్దున్నుంచి ఒక్క పోగు తెగలేదు."

సంతోషం వేసింది. ఎంతోసేపు నిలవలేదు. రాట్నం ఆపాను.

"గుంటలో నీళ్లు చల్లినావా?"

"లేదే. ఆ పనే లేకుండా పాయ. నేల సల్లగుండాది."

"లెయ్యి."

"యాల?"

"లెయ్యి నాయనా. నేను దిగాల."

"ఈ వయసులో గుంటలోకి యాడ దిగుతావు? కాలు ఇరిగితే నేను మొయ్యాల నిన్ను."

"మోయి. నిన్ను నేను మొయ్యలా?"

వాడు లేచి పక్కకు జరిగాడు. ప్రణీత వచ్చి నా రెక్క పట్టుకుంది. ఎన్నో ఏళ్లయింది నేను ఆ గుంటలో కాళ్లు పెట్టి. పలకలు కొత్తవి, కానీ వాటి వెనక మట్టిలో మడమలు ఆనే చోట సొట్టలు అట్లాగే ఉన్నాయి. ఎడమది లోతు, కుడిది తక్కువ. సోమన్నకు ఎడమకాలి మీద బరువు వేసే అలవాటు. నా కాళ్లు వాటిలో పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. పైనుంచి వీరభద్ర "ఏంది మా, కునుకు తీస్తాండావా" అన్నాడు.

అప్పుడు వంగి తూర్పు వైపు రాళ్ల మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉన్నాయి. రాయికీ రాయికీ మధ్య వేలు పెట్టి చూశాను. మట్టి వేలితోపాటు వచ్చేసింది, రుబ్బిన గోరింటాకు మాదిరి.

వేలు పైకెత్తి ఇద్దరికీ చూపించాను.

ప్రణీత మొహం మారింది. అయినా వెంటనే ఒప్పుకోలేదు. "వాన పడినాక నేల తడవదా అవ్వా? అంతా అట్లే ఉంటాదేమో" అంది. నన్ను పైకి లాగి, తనే దిగి మిగిలిన మూడు పక్కలూ ఫోను వెలుగు వేసి తడిమింది. పొడిగా రాలింది మట్టి. బయటికి పోయి బిందెడు నీళ్లు తెచ్చి, అరుగు మీద నిలబడి, కిటికీ పక్కన గోడ మీద మెల్లగా పోసింది. వీరభద్ర లోపల గుంటలో కూర్చుని చూస్తున్నాడు. చాలాసేపు ఏమీ కాలేదు. పిల్ల కిటికీలోంచి "ఏమన్నా కనపడతాండాదా నాయనా" అని అడుగుతూనే ఉంది. చివరకు వాడు, "ఇంగ పోయగాకు పాపా, రాళ్ల నడమ నీళ్లు ఊరతాండాయి" అన్నాడు.

మామూలుగా గోడ మీద జారిన వాన తిన్నగా నేలకు దిగుతుంది. ఇప్పుడు ఆ ఇనుప బద్ద మీద ఆగుతోంది. ఆగిన నీళ్లు బోల్టులు దిగిన తూట్లు పట్టుకుని లోపలికి పోతున్నాయి. పైన పూసిన సిమెంటు ఒకసారి దిగినదాన్ని తిరిగి ఆరనివ్వడం లేదు.

ప్రణీత అరుగు మీదే కూర్చుండిపోయింది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి వీరభద్ర కూడా వచ్చాడు.

"ఆదివారం గడవనీలే పాపా" అన్నాడు. "వాళ్లొచ్చి చూసిపోతారు. సోమవారం ఊడబీకుదాం. అంతలో ఏమైతాది? నేను జాగ్రత్తగా నేస్తా."

వాడికి కూతురి మొహం చూడలేక వచ్చిన మాట అది. పోగు తెగని మగ్గం వదిలి లేవడమూ ఏ నేతగాడికైనా కష్టమే. సోమన్న కూడా లేచేవాడు కాదని చెప్పాను కదా. నేను నోరు తెరవబోయాను. ప్రణీతే ముందు మాట్లాడింది.

"నువ్వు పోగును అచ్చుతో కొట్టే దెబ్బకు గోడ అదరదా నాయనా?"

"అదురుతాది. కొంచెం."

"నువ్వు కూచునేది దాని కిందనే గదా."

వాడు కిటికీలోంచి మగ్గం వంక చూశాడు.

"తాత మజ్జిగకు లేచినాడు. నువ్వు మజ్జిగ గూడ తాగవు" అని ఫోను తీసి ఈరేష్‌ను పిలిచింది. వెంటనే రమ్మంది.

ఈరేష్ వచ్చి, "ఇంకొంచెం సిమెంటు దట్టిస్తే సరిపాయ" అన్నాడు. పాత సిమెంటును కొట్టి ఊడదీస్తే లోపల నల్లగా తడిసిన మట్టి బయటపడింది. బోల్టు పట్టుకుని లాగితే ఉట్టి చేతికి వచ్చేసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రాతిగోడ అనుకున్యా అవ్వా. కడుపులో మట్టని నాకేం తెల్సు."

"నీకు తెలీదు, మాకు తెల్సి గూడ ఊరుకున్యాం. ఇద్దరికీ సరిపాయ. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు" అన్నాను.

వాడూ ప్రణీతా గోడ దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు వాదించుకున్నారు. పైన ఏటవాలుగా రేకు మడిచి పెడదాం, నీళ్లు దాటిపోతాయి అంటాడు వాడు. రేకును నిలబెట్టాలన్నా గోడకు తూట్లు వేయాలి కదన్నా అంటుంది ఈ పిల్ల. చివరకు అరుగుకు గోడ వైపు కూడా ఇనుప కాళ్లు పెట్టారు. గోడకు జానెడు ఎడంగా జరిపారు. పలకల వాలు వీధి వైపు తిప్పారు. ఇప్పుడు అరుగు తన కాళ్ల మీద తను నిలబడుతుంది, గోడను ఎక్కడా తాకదు. బోల్టుల తూట్లలో వీరభద్ర రాతిచెక్కలు, సున్నం కూరాడు. పడుగు విప్పి చుట్టి అటక మీద పెట్టాడు. గోడ ఆరేదాకా నేత లేదు.

ఆదివారం టీచరమ్మలు వచ్చారు. అరుగు నిండా కూర్చున్నారు. కిటికీలోంచి చూస్తే ఖాళీ మగ్గం. మా కోడలు అందరికీ మజ్జిగ ఇచ్చింది. ప్రణీత వాళ్ల ముందు నిలబడి, దుపట్టా కొస చుట్టుకుంటూ, జరిగింది జరిగినట్టు చెప్పింది. నేత చూపిస్తానని పిలిచి చూపించలేకపోతున్నానంది. ఒకామె, "అయ్యో, ముందే ఫోను చేసుంటే ఇంకో దినం వచ్చేవాళ్లం గదమ్మా" అంది. పిల్ల తల దించుకుంది. వెనక ఎవరో గుడి మూసేస్తారేమో, లేద్దామా అన్నారు.

వాళ్లలో పెద్దామె ఒకరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, గోడకూ అరుగుకూ మధ్య సందులోకి తొంగి చూశారు. "ఇంత సందు వదిలినారు, బిడ్డల కాలు ఇరుక్కోదా?" అన్నారు.

"ఇరుక్కుంటే తీసుకోవచ్చు" అన్నాను నేను. "గోడలో నీళ్లు ఇరుక్కుంటే తీసేదానికి కాదు."

ఆమె నవ్వారు. మీరు ఎప్పటినుంచి ఉన్నారమ్మా ఈ ఇంట్లో అని అడిగారు. నన్ను ఆ మాట అడగకూడదు. పంచ నుంచి మొదలుపెట్టాను. మా అత్త, నీళ్ల బిందె, మజ్జిగ చెంబు, డోన్ స్టేషను. లేద్దామన్నవాళ్లు కూడా లేవలేదు. అరచేతులకు ఆముదం రుద్దడం దగ్గరికి వచ్చేసరికి ఒకామె తన చేతులు చూసుకుంది. వీరభద్ర గడపలో నిలబడి విన్నాడు. వాళ్ల నాయన మూటలు మోశాడని వాడికి తెలుసు. చీరమీద నూగు లేచిన సంగతి వాడు మొదటిసారి విన్నాడనుకుంటాను. తన అరచేతుల్ని ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు.

వాళ్లు పోయేటప్పుడు ఆ పెద్దామె గోడ ఆరాక కబురు చేయమని ప్రణీతకు నంబరు ఇచ్చారు. బస్సు కదిలాక పిల్ల వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది. మా ఇద్దరి కాళ్లూ సందు వైపు వేలాడుతున్నాయి. కింద పునాది రాళ్లు కనబడుతున్నాయి. పొద్దుటి ఎండ ఆ సందులోంచి నేల దాకా దిగింది. రాళ్లు పైన తెల్లబడ్డాయి, అడుగున ఇంకా నల్లగానే ఉన్నాయి. ప్రణీత బోర్లా పడుకుని చెయ్యి సందులోకి దించి, తెలుపుకూ నలుపుకూ మధ్య వేలితో తడిమి చూసింది.

"ఈడిదాకా ఆరింది అవ్వా" అంది.